ఇరవై నాలుగు ఎడమకాళ్లు

నడవడానికి ఖర్చేమిటి అన్న ప్రశ్న మా ఇంట్లో మొదట వేసినవాణ్ణి నేనే. ఆ ప్రశ్న నన్ను ఎక్కడిదాకా తీసుకెళ్లిందో చెబుతాను, నవ్వకండి. నవ్వినా పరవాలేదు గానీ మా ఆవిడతో అనకండి. ఆవిడ ఇప్పటికే సరిపడా నవ్వింది.

విషయం ఇది. కొండమీది క్షేత్రానికి పాదయాత్ర. పద్నాలుగు రోజులు, మూడు వందల పది కిలోమీటర్లు. మూడేళ్లకోసారి ఇరవై ఆరుగురి బృందం బయల్దేరుతుంది.

ఆరేళ్ల కిందట మా ఆవిడ మోకాలికి ఆపరేషన్ అయింది. ఇక కర్ర లేకుండా నడవడం కష్టమేనన్నాడు డాక్టరు. కర్ర వదిలేసే రోజు వస్తే ఆ కొండదాకా నడిచే వస్తానని ఆవిడ మొక్కుకుంది. ఏడాది తిరిగేసరికి కర్ర అటక మీదికి వెళ్లిపోయింది. కానీ కిందటిసారి బృందం బయల్దేరినప్పుడు డాక్టరు వద్దన్నాడు. ఈసారి సరేనన్నాడు, ఒకే ఒక్క షరతుతో.

"బూట్లు మంచివి కొనుక్కోండమ్మా. మీ మోకాలిని మోసేది అవే."

ఆ మాట నేనూ విన్నాను. విని తలూపాను కూడా.

బృందం నాయకురాలు రిటైరైన డ్రిల్లు టీచరు. ఉద్యోగం వదిలింది గానీ మెడలో విజిల్ వదల్లేదు. అందరం విజిల్ మేడం అంటాం. బయల్దేరడానికి వారం ముందు ఆవిడ పరీక్ష పెడుతుంది. పూర్తి సరంజామాతో పన్నెండు కిలోమీటర్లు నడవాలి. మన బట్టలో, బూట్లో, సంచో ఆవిడకు నచ్చకపోతే పేరు కొట్టేస్తుంది. ఇక మూడేళ్ల తర్వాతే.

మా ఆవిడ ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని, రెడీమేడ్ బట్టలు బిగువైనవాళ్లకూ వదులైనవాళ్లకూ సరిచేసి పెడుతుంది. ఆ సంపాదనలోంచి దాచిన డబ్బు ఒక కవరులో పెట్టి నా చేతికిచ్చింది.

"బట్టల సంగతి నేను చూసుకుంటాను. బూట్లు, వానకోట్లు మీరు చూడండి. ఇద్దరికీ ఇందులోనే కావాలి."

"ఇందులో సగంలో తెస్తాను చూడు!"

"సగంలో వద్దు. మొత్తంలో తెండి. మంచివి తెండి."

ఆవిడ పని ఆవిడ మొదలెట్టేసింది. విరిగిన గొడుగుల గుడ్డ విప్పి సంచులకు వాన తొడుగులు కుట్టింది. తొందరగా ఆరే పలచటి గుడ్డతో మనిషికి రెండు జతలు కుట్టింది. తొడల దగ్గర కుట్టు ఒరుసుకోకుండా లోపలి మడతలన్నీ బయటివైపుకు తిప్పింది. దాదాపు ఖర్చే లేదు. అది చూసి నాకు పట్టుదల పెరిగింది. చవక అనేది మా ఇంట్లో నా శాఖ మరి.

నేను పార్సిల్ డిపోలో సీనియర్ గుమాస్తాను. ఇరవై రెండేళ్ల సర్వీసు. ముందుగా వానకోట్ల పని పట్టాను. డిపోలో పెట్టెల మీద కప్పి పారేసిన మందపాటి ప్లాస్టిక్ పట్టా తెచ్చి, తల దూరేలా కన్నం చేసి, ఆవిడకు తొడిగాను. చాలా హుందాగా ఉంది. కాకపోతే వీపు మీద ఎర్రటి అక్షరాలతో 'జాగ్రత్త, తలకిందులు చేయరాదు' అని ఉంది. పక్కనున్న బాణం నేలవైపు చూపిస్తోంది.

ఆవిడ అద్దంలో ముందూ వెనకా చూసుకుంది.

"ఇది వేసుకుని రోడ్డు పక్కన ఒక్క నిమిషం నిలబడితే చాలు, ఎవరో ఒకరు నన్నెత్తి లారీలో వేస్తారు."

"వాన నీరు లోపలికి రాదు కదా?"

"గాలి కూడా రాదు. ఏమండీ, కనీసం బూట్లయినా దుకాణంలో కొందాం."

కొందామనే వెళ్లాం. దుకాణంలో కుర్రాడు ఆవిడ పాదం కొలిచి, ఆరో నంబరు నడక బూట్లు తొడిగాడు. ఆవిడ నాలుగడుగులు వేసి ఆగింది. ఆ మొహం నేను ఆపరేషన్ తర్వాత అంత తేలిగ్గా ఎప్పుడూ చూడలేదు.

"ఎంత?" అన్నాను.

కుర్రాడు చెప్పాడు.

"జతా?"

"జతే సార్. విడిగా ఒకటి అమ్మం."

ఆ మాట ఎంత గొప్పదో అప్పుడు నాకు తెలియలేదు. ఆవిడ చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చేశాను.

"ఒక్క వారం ఆగు. ఇవే బూట్లు పావు ధరకు తెస్తాను."

"మా బావ వాళ్లిద్దరికీ కొనేశారట. అక్క ఫోన్ చేసింది."

మంట మీద మంట. వాళ్ల బావంటే నా తోడల్లుడు. ఏం కొన్నా "షోరూంలో కొన్నాను తమ్ముడూ" అంటాడు. అగ్గిపెట్టె కూడా షోరూంలోదే. ఆయన లేనప్పుడు మేమాయన్ని షోరూం అనే పిలుస్తాం. ఆయనా వదినగారూ కూడా ఈ బృందంలోనే ఉన్నారు. షోరూం ముందు నేను దుకాణం ధర పెట్టానని తలవంచుకోవడమా? చవగ్గా కొని ఆయన తలే వంచాలి.

మా డిపోలో మూడు నెలలకోసారి, తీసుకెళ్లేవాళ్లు రాని పార్సిళ్లను వేలం వేస్తారు. ధర కాగితం మీద రాసి, కవరులో మూసి పెట్టెలో వెయ్యాలి. పెట్టె విప్పి చూడనివ్వరు. ఈసారి జాబితాలో పదిహేడో నంబరు ఎదురుగా 'నడక బూట్లు, 24' అని ఉంది. ముప్ఫై ఒకటో నంబరు ఎదురుగా మళ్లీ అదే 'నడక బూట్లు, 24'.

ఇరవై నాలుగంటే పన్నెండు జతలు. రెండు మాకు, పది అమ్మకానికి. రెండు పెట్టెలకూ కవరులో డబ్బు చాలదు. పదిహేడుకు రాద్దామనుకున్నాను. దాని మూల చిరిగి ఉంది. వేలు పెట్టి చూశాను. దుకాణంలో చూసిన బూటే! నంబర్లు కూడా అయిదు నుంచి పది దాకా కలిపి ఉన్నాయని బిల్లులో ఉంది.

ఒక్కటే చిక్కు. డిపో ఉద్యోగులు వేలంలో పాల్గొనకూడదు. ఉద్యోగుల భార్యల గురించి నియమావళి ఏమీ అనలేదు. ఫారం ఇంటికి తెచ్చి మిషను మీద పెట్టాను.

"ఇక్కడొక సంతకం పెట్టు."

"ఏంటిది?"

"ఆఫీసు కాగితం. కుటుంబ సభ్యుల వివరాలు."

వంటింట్లోకెళ్లి మంచినీళ్లు తాగి వచ్చేసరికి సంతకం పెట్టేసి ఉంది. పెళ్లయిన పంతొమ్మిదేళ్లలో ప్రశ్న మీద ప్రశ్న వేయకుండా ఆవిడ సంతకం పెట్టడం అదే మొదలు. అనుమానం రావలసింది. రాలేదు.

పదిహేడో నంబరు మాకే వచ్చింది. కవరు దాదాపు ఖాళీ అయింది. ఆవిడ గుండీలు కొనడానికి వెళ్లిన సమయం చూసి పెట్టె ఇంటికి తెచ్చి, తలుపు గడియ పెట్టి విప్పాను. తొమ్మిదో నంబరు బూటు, నా కొలతే, తీసి ఎడమకాలికి తొడిగాను. అద్భుతం. కుడిది కోసం వెతికాను.

ఎడమది దొరికింది. పక్కకు పెట్టి ఇంకోటి తీశాను. ఎడమ. ఇంకోటి. ఎడమ. పెట్టె మొత్తం నేలమీద బోర్లించాను. ఇరవై నాలుగు బూట్లు, ఇరవై నాలుగు ఎడమకాళ్లు. నేలంతా ఒకేవైపుకు తిరిగి నన్ను చూస్తున్నట్టుంది.

మర్నాడు డిపోలో కాటా దగ్గర పనిచేసే సహోద్యోగికి రహస్యంగా చెప్పాను. మేమాయన్ని తూకం అంటాం. మనుషుల్ని చూసి కూడా కిలోలు చెబుతాడు.

"అదేంటి సార్! బూట్ల కంపెనీలు ఎడమవి ఒక పార్సిల్లో, కుడివి ఇంకో పార్సిల్లో పంపుతాయి కదా. ఒక పెట్టె పోయినా దొంగకు పనికిరాకుండా."

"నాకు తెలుసు," అన్నాను నీరసంగా.

"తెలుసేంటి సార్, కొత్తగా చేరినవాళ్లందరికీ మొదటి రోజు ఆ పాఠం చెప్పేది మీరే!"

నిజమే. ఇరవై రెండేళ్లుగా చెబుతున్నాను. చెప్పేటప్పుడు నేను వింటున్నానని మాత్రం ఎవరన్నారు?

"మరి కుడివి?"

"ముప్ఫై ఒకటో నంబరు. అదీ అమ్ముడైపోయింది." తూకం రిజిస్టరు తిప్పి, కొన్నవారి పేరు చదివాడు.

అది మా వదినగారి పేరు.

వేలం గురించి షోరూంకి ఎవరు చెప్పారని మీరు అడగొచ్చు. నేనే చెప్పాను. వారం కిందట ఫోన్లో, గొప్ప కోసం. భార్య పేరుతో రాసే కిటుకుతో సహా.

ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లాను. వదినగారు లేరు. షోరూం వరండాలో కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు.

"రా తమ్ముడూ! యాత్రకు అన్నీ సిద్ధమేనా?"

"సిద్ధమే అన్నగారూ. మీ బూట్లు ఒకసారి చూద్దామని."

"షోరూంలోనే ఉన్నాయి. లేసులు మార్చి ఇస్తామన్నారు."

"రెండు కాళ్లవీనా?"

గ్లాసు ఆయన పెదాల దగ్గర ఆగిపోయింది.

"ఎడమవి నా దగ్గరున్నాయి," అన్నాను.

ఆయన లేచి నన్ను కావలించుకున్నాడు. పెళ్లిలో కూడా అంత గట్టిగా కావలించుకోలేదు. రెండు నిమిషాలు మేం నిజంగా అన్నదమ్ములం. మూడో నిమిషంలో పంపకాలు మొదలయ్యాయి.

"ఇరవై నాలుగు జతలు. చెరి పన్నెండు," అన్నాను.

"ఆగాగు. నువ్వెంత రాశావు?"

చెప్పాను.

"నేను నీకంటే ఎక్కువ రాశాను. కాబట్టి నాకు పద్నాలుగు, నీకు పది."

"ఎడమైనా కుడైనా బూటు బూటే కదా అన్నగారూ."

"మరి నేనెందుకు ఎక్కువ ఇచ్చినట్టు?"

"అది మీ తెలివి."

నోరు జారింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు.

"అయితే నీ ఎడమవి తొడుక్కుని గెంతుకుంటూ పో."

"మీరూ గెంతండి. కుడికాలితో గెంతితే ఎక్కువ దూరం పోతారేమో, డబ్బు ఎక్కువ పెట్టారుగా."

అలా ముగిశాయి చర్చలు. పరీక్ష నడకకు ఇంకా తొమ్మిది రోజులున్నాయి. ఈలోగా ఆయనే దిగివస్తాడని నేననుకున్నాను. నేనే దిగివస్తానని ఆయనా అనుకున్నాడట.

పెట్టెకు మళ్లీ తాడు బిగించి అటక మీద దాచాను. తొమ్మిదో నంబరుది ఒక్కటి మాత్రం బయట ఉంచుకున్నాను, వీధి చివర చెప్పులు కుట్టే పెద్దాయనకు చూపించడానికి.

"దీన్ని కుడికాలిదిగా మార్చగలరా?"

ఆయన బూటును చూశాడు. తర్వాత నా కాలిని చూశాడు.

"కాలు మార్చడం తేలిక బాబూ."

పెట్టె తెరవకుండానే అందులోంచి ఏమైనా పోయిందేమో కనిపెట్టడం మా వృత్తి రహస్యం. బరువు చూడాలి. రోజూ సాయంత్రం, ఆవిడ మిషను దగ్గర ఉన్నప్పుడు, కొక్కెం త్రాసుకు పెట్టె తగిలించి చూసేవాణ్ణి. పదకొండు కిలోల నాలుగు వందల గ్రాములు. రోజూ అంతే. నా ఎడమకాళ్లు భద్రంగా ఉన్నాయి.

"ఏమండీ, బూట్లు?" అని ఆవిడ రోజుకోసారి అడిగేది.

"వస్తున్నాయి."

"నడిచి వస్తున్నాయా?"

పరీక్షకు రెండు రోజుల ముందు నాకు భయం పట్టుకుంది. కవరులో మిగిలిన డబ్బుకు దుకాణంలో లేసులొస్తాయి. షోరూం ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు. రెండుసార్లు నంబరు నొక్కి, ఆయన 'గెంతు' అన్న మాట గుర్తొచ్చి పెట్టేశాను. ముందుగదిలో ఆవిడ మోకాలికి పట్టీ కట్టుకుని గోడ వెంట ఇటూ అటూ నడుస్తూ అడుగులు లెక్కపెట్టుకుంటోంది. ఆరేళ్ల ఎదురుచూపు నా పంతానికి పోతుందని నాకు తెలుసు. పొద్దున్నే ఉన్నది ఉన్నట్టు చెప్పేద్దామనుకున్నాను. ఆ పొద్దున్న పరీక్ష రోజుదాకా రాలేదు.

పరీక్ష రోజు తెల్లవారి లేచి తయారయ్యాను. ఎడమకాలికి కొత్త తొమ్మిదో నంబరు, కుడికాలికి ఆఫీసు నల్లబూటు. రెండింటి ఎత్తుకూ తేడా ఉంది. నిలబడితే ఒక పక్కకు ఒరుగుతున్నాను. చెప్పవలసిన మాటలు కూడబలుక్కుంటూ ముందుగదిలోకి వచ్చాను.

ఆవిడ కుర్చీలో కూర్చుని లేసు ముడి వేసుకుంటోంది. కాళ్లకు ఆరో నంబరు నడక బూట్లు. ఎడమదీ ఉంది, కుడిదీ ఉంది.

నేను అటక వైపు చూశాను. పరుగున వెళ్లి పెట్టె దింపాను. తాడు తెంపాను. పాత ఇస్త్రీపెట్టె, రెండు ఇటుకలు, ఆపైన కత్తిరించిన గుడ్డపీలికలు.

"బరువు సరిపోయిందా?" గుమ్మంలోంచి అడిగింది ఆవిడ. "మీ త్రాసుతోనే తూచాను. ఆఖరి యాభై గ్రాములకు పీలికలు ఏరుకోలేక చచ్చాను."

"నీకెలా..."

"సంతకం పెట్టమన్నారుగా. చదివే పెట్టాను. మీరు ఎంత నెమ్మదిగా నీళ్లు తాగుతారో మీకు తెలీదు. తర్వాత డిపో నుంచి రసీదు నా పేరుతో వచ్చింది. అక్కకు అక్క పేరుతో వచ్చింది. ఇద్దరం ఫోన్లో రసీదులు చదువుకున్నాం. పదండి, ఆలస్యమవుతోంది."

మైదానానికి ఒరుగుతూనే వెళ్లాను. అక్కడికెళ్లాక తల తిరిగింది. బృందం అంతా వరసగా నిలబడి ఉంది. అందరి కాళ్లకూ అవే బూట్లు. వదినగారికి కూడా. అక్కాచెల్లెళ్లు ఎడమా కుడీ జతలు కలిపి, దుకాణం ధరలో మూడో వంతుకు అందరికీ అమ్మేశారు. కాస్త వదులైనవాళ్లు రెండేసి సాక్సులు వేసుకున్నారు. మేం పెట్టిన డబ్బు మాకూ, షోరూం వాళ్లు పెట్టింది వాళ్లకూ తిరిగొచ్చింది. మిగిలినదాంతో అందరికీ మంచి వానకోట్లు వచ్చాయి. వీపు మీద రాతలేమీ లేనివి.

వరస చివర ఒక మనిషి రెండోవైపుకు ఒరిగి నిలబడి ఉన్నాడు. షోరూం. కుడికాలికి కొత్త తొమ్మిదో నంబరు, ఎడమకాలికి ఏదో పాత చెప్పు. కుడివాటిలో తన కొలతది ఆయనా ఒకటి దాచుకున్నాడన్నమాట.

విజిల్ మేడం ఒక్కొక్కరి బూటు ముందు బొటనవేలితో నొక్కి చూస్తూ మా దగ్గరికి వచ్చింది. నన్ను చూసింది. షోరూంని చూసింది. విజిల్ నోటిదాకా తీసుకెళ్లి మళ్లీ వదిలేసింది.

మా ఆవిడ ముందుకొచ్చింది.

"ఇరవై మూడు జతలు కుదిరాయి మేడం. ఇరవై నాలుగోది వీళ్లిద్దరి దగ్గర చెరొకటి ఉంది. ఇద్దరిదీ తొమ్మిదే. ఒకరు రెండోవారికి ఇచ్చేస్తే ఒకరు నడవొచ్చు."

"పది నిమిషాలు," అంది మేడం గడియారం చూసుకుంటూ.

మేం మైదానం మూలకు వెళ్లాం.

"పెద్దవాణ్ణి. నాకిచ్చెయ్ తమ్ముడూ."

"పెద్దవాళ్లు ఇవ్వాలి అన్నగారూ."

"నేను ఎక్కువ డబ్బు పెట్టాను."

"ఆ డబ్బు మీకు తిరిగొచ్చేసింది."

"అయితే బొమ్మాబొరుసూ వేద్దాం."

"నాణెం ఎవరిది?"

"నాదే."

"అయితే వద్దు."

"ఇంత చిన్న విషయానికి నన్ను నమ్మవా?"

"షోరూంలో లేసులు మారుస్తున్నారన్నారు. అప్పుడు నమ్మాను."

విజిల్ మోగింది. పది నిమిషాలు అంత పొట్టివని నాకెప్పుడూ తెలియదు. మేడం మా రెండు పేర్లూ ఒకే గీతతో కొట్టేసింది. తర్వాత ఇంకో కాగితం తీసింది.

"సామాన్ల వ్యానుకు ఇద్దరు కావాలి. మూటలు దించాలి, ఎక్కించాలి, కట్టాలి. పార్సిల్ పని తెలిసినవాళ్లయితే మంచిదే."

మా ఆవిడ నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. అదే నాకు కష్టంగా అనిపించింది.

"ఒక్కరైనా ఇచ్చేస్తారనుకున్నాం," అంది మెల్లగా. "అక్కా నేనూ ఎవరిస్తారా అని పందెం కూడా వేసుకున్నాం. ఇద్దరం ఓడిపోయాం."

వాళ్లు బయల్దేరారు. మేం వ్యానులో పన్నెండో కిలోమీటరు దగ్గరికి వెళ్లి, నీళ్ల డబ్బాలు దించి నిలబడ్డాం. రెండున్నర గంటల తర్వాత మలుపు దగ్గర మొదటివాళ్లు కనిపించారు. మా ఆవిడ ఏడో మనిషి. చేతిలో కర్ర లేదు. అడుగు అడుగుకూ పాదం సమంగా పడుతోంది. నేను ఆవిడ మొహం చూడలేదు, మోకాలినే చూస్తూ నిలబడ్డాను.

"నొప్పిగా ఉందా?"

"లేదు." ఆవిడ కూర్చుని నీళ్లు తాగింది. కాలు చాపి, మడిచి, మళ్లీ చాపింది. "లేదండీ. నిజంగానే లేదు."

"బూట్లు బాగున్నాయా?"

"చాలా బాగున్నాయి. చవగ్గా కూడా వచ్చాయి."

నేను వంగి ఖాళీ నీళ్ల డబ్బా అందుకున్నాను.

వారం తర్వాత యాత్ర బయల్దేరింది. విజిల్ మేడం ముందు, ఇరవై ముగ్గురు వెనక, వాళ్ల వెనక మా వ్యాను. ముందు సీట్లో డ్రైవరు పక్కన నేనూ షోరూం ఇరుక్కుని కూర్చున్నాం. వెనక ఇరవై నాలుగు మూటలు. మా ఆవిడ గులాబీ రంగు సంచీ, గొడుగు గుడ్డ తొడుగుతో, వరసలో ఊగుతూ వెళుతోంది. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. తిరగవలసిన అవసరం ఆవిడకేముంది?

కొంత దూరం పోయాక డ్రైవరు మర్యాదకి అడిగాడు.

"మీరిద్దరూ నడవట్లేదేం సార్?"

నేను షోరూం వైపు చూశాను. ఆయన నా వైపు చూశాడు. అన్నదమ్ములం మళ్లీ ఒకటయ్యాం.

"కాలు బెణికిందయ్యా," అన్నాను.

"ఇద్దరికీనా?"

"ఆఁ," అన్నాడు షోరూం. "నాకు ఎడమకాలు. తమ్ముడికి కుడికాలు."

డ్రైవరు గేరు మార్చి, రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా అన్నాడు.

"ఓహో. అక్కగార్లిద్దరూ బూట్లని చెప్పారే."